మబ్బులో దారి: పరికరాధారిత విమానయాన నియమాలు - తెలుగులో వివరణ, పరిభాషా సమస్యలు

వ్యాససంగ్రహం:
బయటి దృశ్యం కనబడనప్పుడు, విమానంలోని పరికరాలు చూపే అంకెల ఆధారంగా విమానాన్ని నడిపే పద్ధతికి అంతర్జాతీయంగా ప్రత్యేక నియమావళి ఉంది. పైలట్‌కు ఉండవలసిన అర్హతలు, ప్రయాణానికి ముందు చేయవలసిన ఏర్పాట్లు, గగనతలంలో పాటించవలసిన క్రమం, దిగే సమయంలో తీసుకోవలసిన నిర్ణయం అన్నీ ఈ నియమావళి పరిధిలోకి వస్తాయి. వీటిని తెలుగులో వివరించేటప్పుడు 'ఎత్తు', 'సరే' వంటి నిత్యవ్యవహార పదాలే పెద్ద చిక్కును తెచ్చిపెడుతున్నాయి. ఈ నియమాలను గోదావరిఖని బొగ్గుగని ప్రాంతపు అనుభవంతో పోల్చి వివరించడం, పరిభాషకు సంబంధించిన కొన్ని ప్రతిపాదనలు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విమానయానం, పరికరాధారిత నియమాలు, సాంకేతిక అనువాదం, పారిభాషిక పదాలు, సింగరేణి, బసంత్‌నగర్.

1. ఉపోద్ఘాతం

అనువాద అభ్యాసంలో భాగంగా డిగ్రీ విద్యార్థులకు ఏటా ఒక సాంకేతిక పాఠాన్ని ఇవ్వడం నాకు అలవాటు. ఒక సంవత్సరం విమానయాన నియమాలకు సంబంధించిన నాలుగు పేజీలు ఇచ్చాను. ఒక విద్యార్థిని 'ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ రూల్స్' అనే శీర్షికకు 'వాద్య విమాన నియమాలు' అని రాసుకొచ్చింది. తరగతి అంతా నవ్వింది. ఆమె తప్పు పెద్దదేమీ కాదు. నిఘంటువులో 'ఇన్‌స్ట్రుమెంట్' అన్న ఆరోపానికి ఎదురుగా వాద్యం, సాధనం, పరికరం, ఉపకరణం, పనిముట్టు అన్నీ వరుసగా ఉంటాయి. వాటిలో ఏది ఎక్కడ పనికివస్తుందో నిఘంటువు చెప్పదు. విషయం తెలిసినవారు చెప్పాలి. ఆ రోజు ఆ విషయం నాకూ పూర్తిగా తెలియదు.

తెలుసుకొనే ప్రయత్నంలో రెండు సంగతులు గమనించాను. మొదటిది, ఈ నియమాల సారాంశం గోదావరిఖనిలో ఏ కార్మిక కుటుంబానికీ కొత్త కాదు. ఆ విద్యార్థిని తండ్రి భూగర్భ గనిలో సర్దార్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మబ్బులో పైలట్ తన శరీరం చెప్పేది నమ్మకుండా అద్దం వెనుక ముల్లు చెప్పేదే నమ్మాలని కూతురు వివరిస్తే, బాయిలో గ్యాసు చూసే దీపం సంగతి కూడా అంతేనని ఆయన వెంటనే పోల్చుకున్నారట. రెండవది, ఈ నియమాలను తెలుగులో చెప్పబోతే అడ్డుపడేవి కఠినమైన సంస్కృత సమాసాలు కావు, మనం రోజూ వాడే చిన్న మాటలు. ఈ వ్యాసం ఆ రెండు సంగతుల చుట్టూ సాగుతుంది.

2. చూపు చాలని చోట

విమానయానానికి రెండు నియమావళులున్నాయి. పైలట్ బయటకు చూస్తూ, నేలను, క్షితిజరేఖను, ఎదుటి విమానాలను కంటితో గుర్తిస్తూ నడిపేది దృశ్యాధారిత విధానం. దీనిని వాడుకలో వి.ఎఫ్.ఆర్. అంటారు. పరికరాల మీద, భూమి మీది నియంత్రణ కేంద్రం మీద ఆధారపడి నడిపేది పరికరాధారిత విధానం, అంటే ఐ.ఎఫ్.ఆర్. 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి చేర్చిన అనుబంధాలలో రెండవది ఈ గగన నియమాలకు మూలం. మన దేశంలో వీటి అమలు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ బాధ్యత. 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 ఇప్పుడు అమలులో ఉన్న మూలచట్టం.

దృశ్యాధారిత ప్రయాణానికి 'బాగా కనబడుతోంది' అన్న అభిప్రాయం చాలదు. కనబడటానికి కొలత ఉంది. 10,000 అడుగుల లోపు ఎగిరేటప్పుడు కనీసం 5 కిలోమీటర్ల దూరం కనబడాలి. ఆపైన 8 కిలోమీటర్లు కనబడాలి. మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగులు ఎడంగా ఉండాలి. మన దేశంలో సాధారణంగా సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు, ఫ్లైట్ లెవల్ 150కి పైన దృశ్యాధారిత ప్రయాణానికి అనుమతి లేదు. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా పైలట్‌కు మిగిలేవి రెండే దారులు: వెనుదిరగడం, లేదా అర్హత, పరికరాలు, అనుమతి మూడూ ఉంటే పరికరాధారిత విధానంలోకి మారడం. మూడో దారి లేదు. కానీ మనిషి మనసు తరచూ వెతికేది ఆ మూడో దారినే. ఇంకొంచెం ముందుకు పోతే మబ్బు విడిపోతుందేమో అన్న ఆశ అది.

తెలుగునాట ఈ విషయం ఎంత బరువైనదో చెప్పడానికి 2009 సెప్టెంబరు 2 ఒక్కటి చాలు. ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరి, నల్లమల మీద వాన మబ్బుల మధ్య సంబంధాలు కోల్పోయింది. మరుసటి రోజు శిథిలాలు దొరికాయి. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు. ఆ ప్రమాద కారణాల విచారణ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. అయితే ఆ ఇరవైనాలుగు గంటల్లో సామాన్య తెలుగు కుటుంబాలు రాడార్, ఏటీసీ, వాతావరణ నివేదిక, కొండ ఎత్తు అన్న మాటలను మొదటిసారిగా ప్రాణానికి సంబంధించిన మాటలుగా విన్నాయి. ఆ మాటలకు తెలుగులో నిలకడైన వివరణ అప్పుడు లేదు. ఇప్పుడూ పెద్దగా లేదు.

3. దేహం చెప్పే అబద్ధం

మబ్బులో పైలట్ ఎందుకు దారి తప్పుతాడు? కళ్లు కనబడక అన్నది సగం జవాబే. కళ్లు కనబడకపోతే మనిషి తన శరీరాన్ని నమ్ముతాడు. ఆ శరీరం తప్పు చెబుతుంది. ఇదే మిగతా సగం.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు నాళాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు నాళం తిరుగుతుంది, ద్రవం మాత్రం వెనకబడుతుంది. ఆ తేడాను పసిగట్టే సన్నని కేశాలు మెదడుకు 'తిరుగుతున్నాం' అని కబురు పంపుతాయి. నీళ్లున్న బిందెను గుండ్రంగా తిప్పి చూస్తే ఇది తెలుస్తుంది. మొదట బిందె తిరుగుతుంది, నీళ్లు కదలవు. తిప్పుతూనే ఉంటే కాసేపటికి నీళ్లు కూడా బిందెతో సమంగా తిరుగుతాయి. అప్పుడు రెండింటికీ తేడా లేదు. బిందెను ఆపితే నీళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. విమానం ఒకే వేగంతో ఒక పక్కకు వంగి తిరుగుతూ ఉంటే ఇరవై సెకన్లు గడిచేసరికి చెవిలోని ద్రవం నాళంతో సమం అవుతుంది. పైలట్‌కు తాను నేరుగా పోతున్నట్లే అనిపిస్తుంది. పరికరాన్ని చూసి విమానాన్ని నేరుగా నిలబెట్టగానే, రెండో పక్కకు తిరిగిపోతున్నట్లు బలంగా అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మి 'సరిదిద్దితే' విమానం మళ్లీ మొదటి వంపులోకే పోతుంది. వంపు పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గుతోందని ముక్కు పైకి లాగితే వంపు ఇంకా బిగుస్తుంది. ఈ సుడిని ఆంగ్లంలో శ్మశానం పేరు పెట్టి పిలుస్తారు. ఆ పేరు ఉత్తినే రాలేదు.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం ఈ సంగతిని అంకెల్లో చూపింది. పరికరాలతో నడపడంలో శిక్షణ లేని 20 మందిని బయటి దృశ్యం కనబడని స్థితిలో నడపమన్నారు. ఇరవై మందీ విమానంపై అదుపు కోల్పోయే స్థితికి చేరారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. ఈ ప్రయోగానికి పాతికేళ్ల ముందే, 1929 సెప్టెంబరు 24న, అమెరికాలో జిమ్మీ డూలిటిల్ కప్పు మూసిన కాక్‌పిట్‌లో కూర్చుని, బయటకు చూడకుండా, కేవలం పరికరాలతో విమానాన్ని లేపి, తిప్పి, దింపాడు. ఆయన ముందున్నవి గైరోస్కోపుతో పనిచేసే కృత్రిమ క్షితిజం, దిశాసూచిక, సున్నితమైన ఎత్తుమాపకం, రేడియో సంకేతం. అదే మనిషి, అవే చెవులు. తేడా అంతా దేనిని నమ్మాలన్న శిక్షణలో ఉంది.

గనిలో మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. రక్షణ దీపం వత్తిని తగ్గించినప్పుడు మంట మీద ఏర్పడే లేతనీలి టోపీ ఎంత ఎత్తుందో చూసి సర్దార్ శాతాన్ని అంచనా వేసేవాడు. ఇప్పుడు ఆ పని మీథేన్‌మాపకాలు చేస్తున్నాయి. 1.25 శాతం దాటితే అక్కడి కరెంటు ఆపాలని నిబంధన. ముప్పై ఏళ్ల అనుభవమున్న కార్మికుడైనా 'నాకేమీ అనిపించడం లేదు' అన్నంత మాత్రాన కరెంటు ఆపకుండా ఉండటానికి వీలు లేదు. ఇంద్రియానుభవం కంటే కొలతకు ఎక్కువ అధికారం ఇవ్వడం, ఆ అధికారాన్ని రాతపూర్వక నిబంధనగా మార్చడం రెండు రంగాలకూ సామాన్యం. ఈ పోలికను ఇంతకంటే లాగడం సరికాదు. గనిలో ప్రమాదం కనబడితే పని ఆపి పైకి రావచ్చు. గాలిలో ఆగడం అనేది లేదు. అందుకే విమాన నియమాలలో బయలుదేరకముందే తేల్చుకోవలసినవి అన్ని ఉన్నాయి.

4. అర్హత

పైలట్ లైసెన్సు ఉన్నంత మాత్రాన మబ్బులోకి పోవడానికి అధికారం రాదు. దానికి 'ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్' అనే విడి అర్హత కావాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, కమాండ్ బాధ్యతలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేసిన ప్రయాణం కనీసం 50 గంటలు, పరికరాలతో నడిపిన సమయం కనీసం 40 గంటలు ఉండాలి. రెండవదానిలో కొంత భాగం నేలమీది సిమ్యులేటర్‌లో చేయవచ్చు. రాతపరీక్ష, విమానంలో పరీక్ష రెండూ ఉంటాయి. మన దేశంలో ఈ రేటింగ్ శాశ్వతం కాదు, ఏటా పరీక్షించి పునరుద్ధరించాలి. ఆచార్యులమైన మనకు పిహెచ్.డి. ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. ఈ పోలిక వారి నియమాల పట్ల నా గౌరవాన్ని పెంచింది.

విమానంలో వేగమాపకం, కృత్రిమ క్షితిజం, ఎత్తుమాపకం, మలుపు సూచిక, దిశాసూచిక, ఆరోహణావరోహణ సూచిక అనే ఆరు ప్రాథమిక పరికరాలు సంప్రదాయంగా ఉంటాయి. కొత్త విమానాలలో ఇవన్నీ ఒకే తెరమీద కనబడతాయి. పైలట్ చూపు ఏ ఒక్కదాని మీదా నిలవకూడదు. కృత్రిమ క్షితిజం నుంచి ఒకదానికి, మళ్లీ క్షితిజానికి, మళ్లీ మరొకదానికి తిరుగుతూ ఉండాలి. ఒక పరికరం చెడిపోతే మిగిలినవాటితో సరిపోల్చి ఆ దొంగను పట్టుకోవడం శిక్షణలో ముఖ్యభాగం. పరికరాన్ని నమ్మడమంటే ఒకే పరికరాన్ని గుడ్డిగా నమ్మడం కాదు. పరికరాల ఏకవాక్యతను నమ్మడం.

5. బయలుదేరడం నుంచి దిగడం వరకు

పరికరాధారిత ప్రయాణానికి ముందుగా ప్రయాణ ప్రణాళిక దాఖలు చేయాలి. ఏ దారి, ఏ ఎత్తు, ఎంత వేగం, ఎంత ఇంధనం, ఎందరు మనుషులు, గమ్యంలో దిగలేకపోతే ఏ విమానాశ్రయానికి పోతారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇంధనం లెక్క తెలుసుకోదగ్గది. గమ్యం దాకా కావలసినది, దారిలో అనుకోని ఖర్చుకు కొంత, గమ్యం నుంచి ప్రత్యామ్నాయ విమానాశ్రయం దాకా కావలసినది, ఇవన్నీ అయిపోయాక కూడా జెట్ విమానమైతే 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు, పిస్టన్ ఇంజను విమానమైతే 45 నిమిషాలు గాలిలో తిరగడానికి సరిపడేది. ఆ చివరి భాగం వాడుకోవడానికి కాదు. దానిని ముట్టుకోవలసి వస్తోందంటే పైలట్ అత్యవసర స్థితి ప్రకటించాలి.

తర్వాత నియంత్రణ కేంద్రం అనుమతి. నియంత్రిత గగనతలంలో అనుమతి లేకుండా ఎత్తు మార్చడానికి, దారి మార్చడానికి వీలు లేదు. ఎదురెదురు విమానాలు ఒకే ఎత్తులో రాకుండా ఒక సులభమైన ఏర్పాటు ఉంది. తూర్పు దిక్కుగా, అంటే 0 నుంచి 179 డిగ్రీల మధ్య పోయేవి బేసి వేల అడుగుల్లో, పడమర దిక్కుగా పోయేవి సరి వేల అడుగుల్లో ఎగరాలి.

కనీస ఎత్తు నియమం మన ప్రాంతానికి అన్వయించి చెబితే బాగా అర్థమవుతుంది. ప్రచురితమైన కనీస ఎత్తు లేని చోట, విమానం ఉన్నట్లు అంచనా వేసిన స్థానం చుట్టూ 8 కిలోమీటర్ల లోపల ఉన్న అతి ఎత్తయిన అడ్డంకి కంటే కనీసం 300 మీటర్లు, అంటే 1,000 అడుగులు పైన ఉండాలి. కొండ ప్రాంతమైతే ఇది 600 మీటర్లు. రామగుండం ఎన్‌టీపీసీ పరిసరాల్లో ఒక పొగగొట్టం నేలమీద నుంచి 200 మీటర్లు ఉందనుకుందాం. దాని నుంచి 8 కిలోమీటర్ల లోపల ఎక్కడున్నా విమానం ఆ నేలకు 500 మీటర్ల పైన ఉండాలి. పొగగొట్టం నేరుగా దారిలో ఉందా లేదా అన్న ప్రశ్న లేదు. మబ్బులో మన స్థానం మనకు కచ్చితంగా తెలియదన్న వినయం ఆ 8 కిలోమీటర్లలో ఉంది.

గమ్యం దగ్గర రద్దీ ఉంటే వేచి ఉండాలి. గాలిలో వేచి ఉండటమంటే గుర్రప్పందెపు బాట ఆకారంలో తిరగడం. సాధారణంగా మలుపులు కుడివైపు. 14,000 అడుగులు, అంతకు లోపల అయితే సూటి భాగం ఒక్క నిమిషం.

దిగే ఘట్టమే ఈ నియమావళిలో అసలైన పరీక్ష. రన్‌వే దగ్గరి రెండు రేడియో వ్యవస్థలలో ఒకటి విమానం రన్‌వే మధ్యరేఖకు ఎటు ఉందో చెబుతుంది. రెండవది సుమారు 3 డిగ్రీల వాలుకు పైన ఉందో కింద ఉందో చెబుతుంది. ఈ జంటను ఐ.ఎల్.ఎస్. అంటారు. మొదటి తరగతి ఐ.ఎల్.ఎస్.లో పైలట్ నేలకు 200 అడుగుల ఎత్తు దాకా పరికరాలతో రావచ్చు. రన్‌వే మీద దృశ్యదూరం కనీసం 550 మీటర్లు ఉండాలి. రెండో తరగతిలో ఆ ఎత్తు 100 అడుగులు. ఇంతకంటే తక్కువ దృశ్యదూరం ఉన్నట్లు ముందే కబురు వస్తే, విమానాశ్రయానికి 1,000 అడుగుల ఎత్తు నుంచి కిందికి రావడానికే వీలు లేదు.

ఆ 200 అడుగుల బిందువు పేరు నిర్ణయపు ఎత్తు. అక్కడికి చేరేసరికి రన్‌వే దీపాలో, రన్‌వే గుర్తులో స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే అదే క్షణంలో ఇంజను శక్తి పెంచి, నిర్దేశించిన దారిలో పైకి లేవాలి. 140 నాట్ల వేగంతో 3 డిగ్రీల వాలులో దిగే విమానం 200 అడుగులు దిగడానికి సుమారు 16 సెకన్లు చాలు. ఇంకొక్క క్షణం చూద్దామన్న ఆలోచనకు అక్కడ చోటు లేదు.

ఇక్కడే ఒక పరిభాషా సమస్య. ఇలా తిరిగి లేవడాన్ని ఆంగ్లంలో 'మిస్‌డ్ అప్రోచ్' అంటారు. నా విద్యార్థులలో చాలామంది 'విఫలమైన దిగుడు' అని అనువదించారు. వ్యాకరణరీత్యా తప్పు పట్టలేం. భావం మాత్రం తలకిందులైంది. అది వైఫల్యం కాదు. పటంలో ముందే గీసి పెట్టిన దారి. దిగే పద్ధతిలో దిగడం ఎంత భాగమో తిరిగి లేవడం అంత భాగం. పేరులోనే వైఫల్యం ఉంటే, తిరిగి లేచిన పైలట్ గురించి పత్రిక రాసే వార్తలో నింద ధ్వనిస్తుంది. 'మరలి లేచుట' అన్నది నా ప్రతిపాదన. కొంచెం పాతవాసన ఉన్నా నింద లేదు.

రేడియో చెడిపోతే ఏం చేయాలన్నదానికీ నియమం ఉంది. ట్రాన్స్‌పాండర్‌లో 7600 సంకేతం పెట్టాలి. చివరిగా కేటాయించిన వేగం, ఎత్తు నిర్ణీత నిమిషాలపాటు కొనసాగించి, తర్వాత దాఖలు చేసిన ప్రణాళిక ప్రకారమే గమ్యం దగ్గరి మార్గదర్శక కేంద్రం దాకా పోయి, చెప్పిన వేళకు దిగడం మొదలుపెట్టాలి. మాట పోయినా ఆ విమానం ఏం చేస్తుందో కింద ఉన్నవారికి తెలిసి ఉంటుంది. గోదావరి దాటే పడవలో సరంగు మూగవాడైనా పడవ ఏ రేవుకు పోతుందో ఒడ్డున ఉన్నవారికి తెలిసినట్లు.

6. 'ఎత్తు' అనే ఒక్క మాట

ఇంతవరకు ఈ వ్యాసంలో 'ఎత్తు' అనే మాటను చాలాసార్లు వాడాను. కావాలనే ఒకే మాట వాడాను. నిజానికి అవన్నీ ఒకటి కావు. నేల నుంచి లేదా రన్‌వే నుంచి కొలిచేది ఒకటి. సగటు సముద్రమట్టం నుంచి కొలిచేది మరొకటి. ఒక స్థలం స్వయంగా సముద్రమట్టానికి ఎంత పైన ఉందన్నది మూడవది. ఎత్తుమాపకాన్ని 1013.2 హెక్టోపాస్కల్స్ అనే ప్రామాణిక పీడనానికి అమర్చి చదివేది నాల్గవది. ఆంగ్లంలో వీటికి నాలుగు వేర్వేరు పేర్లున్నాయి. తెలుగులో నాలుగూ 'ఎత్తు'లే.

దీనివల్ల ఏమవుతుందో అంకెలతో చూద్దాం. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల పైన ఉంది. విశాఖపట్నం విమానాశ్రయం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. ఒక విమానం '3,000 అడుగుల ఎత్తులో' ఉందని రాస్తే, అది సముద్రమట్టపు లెక్క అయితే, విశాఖలో ఇంచుమించు నేలకు 3,000 అడుగుల పైన ఉన్నట్లు, శంషాబాద్‌లో రన్‌వేకు 976 అడుగుల పైన మాత్రమే ఉన్నట్లు. నల్లమల గుట్ట మీదైతే ఆ వాక్యం ఇంకేమి చెబుతుందో గుట్ట ఎత్తును బట్టి ఉంటుంది. వార్తలో ఈ తేడా పోతే పాఠకుడికి ప్రమాదమే అర్థం కాదు. శిక్షణ పుస్తకంలో పోతే జరిగే నష్టం వేరు చెప్పనవసరం లేదు.

మరొక చిక్కు పీడనానిది. ఎత్తుమాపకం నిజానికి బరోమీటరే. అది గాలి పీడనాన్ని కొలిచి అడుగుల్లో చూపుతుంది. వాయుగుండం వచ్చి పీడనం తగ్గినప్పుడు అమరిక మార్చకపోతే, విమానం ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్లు చూపుతుంది. తక్కువ ఎత్తుల్లో ఒక్క హెక్టోపాస్కల్‌కు సుమారు 27 నుంచి 30 అడుగుల తేడా. 10 హెక్టోపాస్కల్స్ తప్పితే 300 అడుగులు, అంటే పైన చెప్పిన నిర్ణయపు ఎత్తు కంటే ఎక్కువే.

కాబట్టి నేల నుంచి కొలిచేదానికి 'నేలపై ఎత్తు', సముద్రమట్టం నుంచి కొలిచేదానికి 'కడలిమట్టపు ఎత్తు', స్థలానికి 'స్థలోన్నతి' అనే మాటలు వాడవచ్చునని నా అభిప్రాయం. నాల్గవదాన్ని అనువదించకుండా 'ఫ్లైట్ లెవల్' అనే ఉంచడం మేలు. అది కొలత కంటే ఒక అంతస్తు పేరులాంటిది. అంతస్తుల పేర్లు అనువదించం. సింగరేణిలో హాలేజ్, ట్రామర్, షాట్‌ఫైరర్ అనే మాటలు మూడు తరాలుగా తెలుగులోనే ఉన్నాయి. వాటికి బదులు ఎవరైనా సంస్కృత సమాసం సూచించినా బాయిలోకి దిగేవారు దానిని వెంట తీసుకుపోరు.

7. 'సరే' చాలదు

1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫేలో రన్‌వే మీద దట్టమైన మబ్బు కమ్మింది. ఒక బోయింగ్ 747 టేకాఫ్ దగ్గర ఉన్నదో, టేకాఫ్ చేస్తున్నదో తేలని ఒక వాక్యం దాని నుంచి వచ్చింది. నియంత్రణ కేంద్రం 'ఓకే' అని మొదలుపెట్టి, ఆగమని చెప్పింది. మరొక విమానం అదే క్షణంలో మాట్లాడటంతో 'ఓకే' తర్వాతి మాటలు స్పష్టంగా వినబడలేదు. రెండు 747లు ఢీకొని 583 మంది మరణించారు. ఆ తర్వాత 'టేకాఫ్' అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప రేడియోలో పలకకూడదని నియమం వచ్చింది. మిగతా చోట్ల 'డిపార్చర్' అనాలి.

మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్ 747, కజక్ ఇల్యూషిన్ 76 ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానానికి లెవల్ 140, కజక్ విమానానికి లెవల్ 150 కేటాయించారు. కజక్ విమానం తన లెవల్ దగ్గర ఆగక కిందికి జారింది. విచారణ జరిపిన జస్టిస్ ఆర్.సి. లహోటీ కమిషన్ కజక్ సిబ్బందికి ఆంగ్లం తగినంత రాకపోవడాన్ని కూడా కారణంగా పేర్కొంది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రయాణాలకు పైలట్ల భాషా సామర్థ్యాన్ని ఆరు స్థాయిల కొలబద్దతో పరీక్షిస్తారు. కనీసం నాల్గవ స్థాయి ఉండాలి.

తెలుగులో 'సరే' ఏమి చేస్తుందో ఒక్కసారి ఆలోచించాలి. విన్నాను, అర్థమైంది, ఒప్పుకున్నాను, చేస్తాను, ఇక చాలు: ఈ ఐదు అర్థాలకూ అదే మాట. వినేవారు సందర్భాన్ని బట్టి ఎంచుకుంటారు. మబ్బులో సందర్భం కనబడదు. కాబట్టి రేడియో భాష ఈ అర్థాలను విడదీసింది. 'రోజర్' అంటే విన్నానని మాత్రమే. 'విల్కో' అంటే విన్నాను, చేస్తానని. 'అఫర్మ్' అంటే అవునని. ఎత్తు, దిశ, రన్‌వే సంఖ్య, పీడన అమరిక వంటివాటికి ఇవి కూడా చాలవు. విన్నదాన్ని యథాతథంగా తిరిగి చెప్పాలి, తప్పుంటే కేంద్రం దిద్దాలి. భూగర్భ గనుల్లో హాలేజ్‌కు మాటలతో కాక గంటల సంఖ్యతో ఆజ్ఞలివ్వడం ఇటువంటిదే. నడుస్తున్న హాలేజ్‌కు ఒక గంట కొడితే ఆగాలి. ఆ గంటకు రెండో అర్థం తీసే అవకాశం ఆపరేటర్‌కు ఇవ్వరు. వ్యవహార భాషలోని అనేకార్థత మనం తరగతిలో సౌందర్యంగా బోధించేది. పరిమితమైన అర్థంతో ప్రాణాలు కాపాడే ఈ ఉపభాషలు కూడా భాషాశాస్త్ర విద్యార్థికి అంతే విలువైన సామగ్రి. తెలుగు విశ్వవిద్యాలయ పరిశోధనల్లో వృత్తి పదకోశాల సేకరణకు ఉన్న చోటు వృత్తి సంకేత వాక్యాల విశ్లేషణకు ఇంకా రావలసి ఉంది.

8. బసంత్‌నగర్

పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఒకప్పుడు వాయుదూత్ చిన్న విమానాలు ఇక్కడ దిగిన సంగతి ఈ ప్రాంతపు పెద్దలకు గుర్తే. తర్వాత సేవలు ఆగిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించిన ఆరు విమానాశ్రయాల జాబితాలో వరంగల్ మామునూరు, నిజామాబాద్ జక్రాన్‌పల్లి, ఆదిలాబాద్ తదితరాలతో పాటు బసంత్‌నగర్ పేరు కూడా చేరింది. ఇక్కడ విమానాశ్రయం రావాలా, ఎక్కడ రావాలి అన్న చర్చల్లో రన్‌వే పొడవు, భూమి విస్తీర్ణం గురించి ఎక్కువ వినబడుతుంది. పరికరాలతో దిగే పద్ధతి గురించి దాదాపు వినబడదు. చలికాలపు ఉదయాల్లో గోదావరి ఒడ్డున పొగమంచు, ఉపరితల గనుల దుమ్ము, విద్యుత్ కేంద్రపు పొగ కలిసినప్పుడు 5 కిలోమీటర్లు కనబడటం కష్టం. దృశ్యాధారిత విధానం ఒక్కటే ఉంటే ఆ ఉదయాల్లో విమానం రాదు.

చిన్న విమానాశ్రయంలో ఐ.ఎల్.ఎస్. పెట్టడం, పరీక్షిస్తూ నిర్వహించడం ఖరీదైన పని. దానికి మరొక మార్గం దొరికింది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించిన 'గగన్' వ్యవస్థ ఉపగ్రహ స్థానసంకేతాలలోని తప్పులను దిద్ది తిరిగి ప్రసారం చేస్తుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఈ సంకేతాల మార్గదర్శనంతో దిగింది. భారతదేశంలో అటువంటిది అదే మొదటిసారి. రన్‌వే పక్కన ఐ.ఎల్.ఎస్. పరికరాలు లేకుండానే నిలువు మార్గదర్శనం అందుతుంది. అయినా చుట్టూ ఉన్న ప్రతి పొగగొట్టాన్ని, స్తంభాన్ని, గనుల మట్టిగుట్టను కొలిచి, మరలి లేచే దారితో సహా పటం గీయక తప్పదు. ఉపరితల గనుల మట్టిగుట్టలు ఏటా పెరుగుతాయి. ఆ కొలతలు కూడా ఏటా మారాలి.

ఆ విద్యార్థిని సంవత్సరాంతంలో తన అనువాదాన్ని దిద్ది మళ్లీ ఇచ్చింది. 'వాద్య' కొట్టేసి 'పరికరాధారిత' అని రాసింది. తండ్రిని అడిగి తెలుసుకున్న గ్యాసు దీపం వివరణను అధస్సూచికగా చేర్చింది. 'ఎత్తు' అన్న ప్రతిచోటా దాని పక్కన పెన్సిలుతో 'ఎక్కడి నుంచి?' అని రాసి ఉంది. అటువంటివి నాలుగు పేజీల్లో పదిహేడు లెక్కపెట్టాను.